సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు పోయే మన బిడ్డలకు

(సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ ఇట్లాంటి సభలో మమ్మల్ని ఆడపిల్లల చదువు మీదనో, రక్తహీనత మీదనో మాట్లాడమంటారు. ఈసారి సంఘం తమ్ముళ్ళు వచ్చి, "మేడమ్, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల గురించి చెప్పాలె" అన్నారు. మేము కంప్యూటర్ చదివినవాళ్ళం కాదు. బీఎస్సీ, బీఈడీ చేసి, కొన్నేళ్ళు లెక్కలు చెప్పి, తర్వాత హాస్టల్ బాధ్యత తీసుకున్నవాళ్ళం. అయినా ఒప్పుకున్నాం. ఇంటర్వ్యూకు పోయే ముందు పిల్లలు పాత సర్టిఫికెట్ల కోసం వచ్చేది మా దగ్గరికే. పోయి వచ్చినాక ఇంటికి పోవడానికి ముఖం చెల్లక ఒక పూట ఆగేదీ మా దగ్గరనే. వాళ్ళు చెప్పింది వింటూ, ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాం. ఇవాళ చెప్పేదంతా ఆ నోటుబుక్కులోదే.

ఆ పుస్తకంలో మాకు ఎక్కువసార్లు కనిపించిన మాట ఒకటుంది. "అన్నీ వచ్చినయి మేడమ్, నోరే రాలె." పరీక్ష పాసైన పిల్లలు, ప్రోగ్రామ్ రాయగలిగిన పిల్లలు, మనిషి ఎదురుగా కూర్చుని అడిగేసరికి ఆగిపోతున్నారు. మిగతావి కూడా చెప్తాం గానీ, ఇవాళ మేము వచ్చింది ముఖ్యంగా దీనికోసం.

ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో అది 2022లో 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ కోటా లేదు. అక్కడ మన ఎస్టీ సర్టిఫికెట్ ఎవరూ అడగరు, అది చూపించి ఒక మార్కు కూడా సంపాదించలేం. దీన్ని విని కొందరు బిడ్డలు "అయితే మనకు రాదులే" అంటారు. మేము అట్లా అనుకోం. బాసర ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. అప్పటి నుంచి పల్లెటూరి సర్కారు బడుల్లో చదివిన పిల్లలు అక్కడ సీట్లు తెచ్చుకుని, ఉద్యోగాలకు పోతూనే ఉన్నారు. అదే పరీక్ష, అదే ఇంటర్వ్యూ. అది ఎట్లా నడుస్తుందో ముందే తెలిసినవాళ్ళకు సగం భయం పోతుంది.

ఇక నడిచే తీరు. మొదట దరఖాస్తు, తర్వాత ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూ ఒకటో రెండో, చివర హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ, ఆపైన ఆఫర్ లెటర్, కాగితాల తనిఖీ, చేరడం. పెద్ద సర్వీస్ కంపెనీలన్నీ కొంచెం అటూ ఇటూగా ఇదే దారి. టీసీఎస్ వాళ్ళు తమ పరీక్షకు ఎన్‌క్యూటీ అని పేరు పెట్టుకున్నారు, మిగతావాళ్ళు ఇంకో పేరు పెట్టుకుంటారు. బీటెక్ వాళ్ళకే అనుకోవద్దు. విప్రోలో బీఎస్సీ, బీసీఏ చదివినవాళ్ళను తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివించే పథకం ఉంది.

దరఖాస్తు దగ్గరే చాలామంది ఆగిపోతారు. పదిలో, ఇంటర్‌లో, డిగ్రీలో 60 శాతం ఉండాలని చాలా కంపెనీలు పెడతాయి. బ్యాక్‌లాగ్ మిగిలి ఉండొద్దంటాయి. ఈ మాట నాలుగో ఏడాదిలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే మొదటి ఏడాది, రెండో ఏడాది చదువుతున్న తమ్ముళ్ళకు చెప్తున్నాం. ఒక సబ్జెక్టు పోతే "తర్వాత రాసుకుందాం" అనుకోకండి, వచ్చే సెమిస్టర్‌లోనే దాన్ని కట్టి తీసేయండి.

పేర్ల సంగతి కొంచెం ఎక్కువసేపు చెప్తాం, విసుక్కోకండి. మన పిల్లలకు ఇదొక పెద్ద గుంట. బడిలో చేర్పించినప్పుడు సారు ఒక తీరు రాస్తాడు. ఆధార్ తీసినప్పుడు ఆపరేటర్ ఇంకో తీరు కొడతాడు. మెస్రం అని ఒకచోట, మేశ్రాం అని ఇంకోచోట. ఒక మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది. పుట్టిన తేదీ జూన్ 1 అని సగం మందికి. ఊళ్ళో ఉన్నంతకాలం దీంతో ఏమీ కాదు. ఆఫర్ వచ్చినాక కంపెనీ తరఫున ఇంకో సంస్థ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అప్పుడు రెండు పేర్లు ఇద్దరు మనుషుల్లాగ కనిపిస్తాయి. మా దగ్గర చదివిన ఒక అబ్బాయి అన్ని రౌండ్లూ దాటి, చేరాల్సిన తేదీకి పన్నెండు రోజుల ముందు ఈ చిక్కులో పడ్డాడు. మీసేవకు, బ్యాంకుకు, కాలేజీకి తిరిగి తిరిగి చేరే తేదీ మార్పించుకున్నాడు. వాడికి గడువు దొరికింది. అందరికీ దొరకదు.

కాబట్టి పదో తరగతి మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో చూసి, ఆధార్‌నూ పాన్‌నూ బ్యాంకు ఖాతానూ దానికి సరిపోయేటట్టు మార్పించుకోండి. మెమోలోనే తప్పు ఉంటే బడి హెడ్మాస్టర్ ద్వారా బోర్డుకు పోవాలి, దానికి నెలలు పడుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి. ఇది కోడింగ్ కాదు గానీ కోడింగ్ అంత పనే.

ఆన్‌లైన్ పరీక్ష గురించి మీకు యూట్యూబ్‌లో దొరుకుతుంది. అంకగణితం, రీజనింగ్, ఇంగ్లీషు, చివర ఒకటో రెండో ప్రోగ్రామ్‌లు. నిష్పత్తి, శాతాలు, కాలం-పని, రైళ్ళు: ఇదంతా ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల లెక్కే, సమయం మాత్రం తక్కువ. మేము చెప్పదలుచుకుంది యూట్యూబ్ చెప్పని సంగతి. పరీక్ష రాస్తున్నంతసేపూ కెమెరా మిమ్మల్ని చూస్తుంది, మైకు వింటుంది. వెనక నుంచి ఇంకో మనిషి నడిచినా, పక్కన మాట వినబడినా, స్క్రీన్ మార్చినా లెక్కలో పడుతుంది. మన ఇళ్ళల్లో ఒకటే గది. అవ్వ లోపలికి వస్తుంది, పిల్లలు వస్తారు, "ఏం చేస్తున్నవ్ రా" అని అడుగుతారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. అందుకే పరీక్ష ఇంట్లో పెట్టుకోవద్దు. గూడెంలో సిగ్నల్ కోసం చెట్టెక్కే చోట అసలే పెట్టుకోవద్దు. కాలేజీ ల్యాబ్ అడగండి, ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో చదువుకునే స్నేహితుడి గది అడగండి, లేకపోతే మా ఆఫీసు గదికి రండి. ముందు రోజే వచ్చి ఒకసారి లాగిన్ అయి చూడండి. ఫోన్ నిండా చార్జి పెట్టి ఉంచండి, కరెంటు పోతే అదే హాట్‌స్పాట్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం.

పెద్దల ముందు ఎదురు మాట్లాడకపోవడం మన ఇళ్ళల్లో మర్యాద. పటేల్ మాట్లాడుతుంటే వింటాం. బడిలో జవాబు ఖాయంగా తెలిస్తేనే చెయ్యి ఎత్తుతాం. ఆ మర్యాద మంచిదే, దాన్ని విడిచిపెట్టమని మేము చెప్పం. కానీ టెక్నికల్ ఇంటర్వ్యూ అనేది వేరే రకం కూర్చోవడం. అడిగేవాళ్ళకు మీ జవాబు కంటే మీరు జవాబు దాకా ఎట్లా నడిచారన్నది ఎక్కువ కావాలి. మనిషి తలలో ఏం నడుస్తుందో వాళ్ళకు కనిపించదు. మీరు నాలుగు నిమిషాలు మౌనంగా ఆలోచించి సరైన జవాబు రాసినా, ఆ నాలుగు నిమిషాలూ వాళ్ళకు ఖాళీగానే కనిపిస్తాయి. బట్టీ పట్టాడేమో అనుకుంటారు, లేదా ఏమీ రాదనుకుంటారు.

ఒక ఉదాహరణ చెప్తాం. సాయంత్రం హాస్టల్‌లో హాజరు తీస్తాం. రోల్ నంబర్లు 1 నుంచి 100 దాకా. వరుసలో 99 మంది ఉన్నారు. రాని బిడ్డ ఎవరు? ఇదే ప్రశ్నను ఇంటర్వ్యూలో "1 నుంచి 100 వరకు అంకెల్లో ఒకటి లేదు, కనుక్కోండి" అని అడుగుతారు. ఎప్పటి నుంచో అడుగుతున్న ప్రశ్న ఇది.

దీనికి జవాబు మొదలయ్యేది ప్రశ్నతో. "సార్, ఒక్కరే తక్కువా, ఎక్కువమంది ఉండొచ్చా? ఒకే నంబరు రెండుసార్లు రావచ్చా? నంబర్లు వరుసలో ఉన్నాయా, కలిసిపోయి ఉన్నాయా?" ఇట్లా అడగడం ఎదురు మాట్లాడడం కాదు. వాళ్ళు కావాలనే కొన్ని సంగతులు చెప్పకుండా వదిలేస్తారు, మీరు అడుగుతారా లేదా అని.

తర్వాత మీకు తోచిన మొదటి దారి, అది మోటుగా ఉన్నా సరే, పైకి చెప్పండి. "1వ నంబరు ఉందా అని వరుసంతా చూస్తాను, తర్వాత 2 కోసం మళ్ళీ వరుసంతా చూస్తాను." మంచిదే, పని జరుగుతుంది. కానీ వందసార్లు వరుస మొత్తం తిరిగితే దాదాపు 10 వేల చూపులు. ఆ మాట కూడా మీరే అనాలి. టైమ్ కాంప్లెక్సిటీ అని పుస్తకంలో రాసేది దీన్నే. ఇంకో దారి, అందర్నీ నంబరు ప్రకారం నిలబెట్టి ఒక్కసారి నడిచి చూడడం. నడవడం తేలికే, నిలబెట్టడానికి పని పడుతుంది. మూడో దారి మా దారి, రిజిస్టర్. వంద గళ్ళు గీసుకుని, ఎవరు పలికితే వాళ్ళ గడిలో టిక్కు పెట్టడం. వరుస ఒక్కసారి తిరిగితే చాలు, కానీ వంద గళ్ళ కాగితం అదనంగా కావాలి. ఆ అదనపు కాగితమే స్పేస్ కాంప్లెక్సిటీ.

నాలుగో దారి లెక్కల టీచర్లకు ఇష్టమైనది. 1 నుంచి 100 దాకా కూడితే 5050. ఉన్నవాళ్ళ నంబర్లు కూడండి. 5013 వచ్చిందా, 37వ నంబరు బిడ్డ రాలేదు. వరుస ఒక్కసారి తిరిగాం, కాగితం కూడా అక్కర్లేదు.

అంతటితో వదలరు. "నంబర్లు కోట్లలో ఉంటే?" అంటారు. కూడిక పెద్దదై, ఇంటీజర్‌లో పట్టదు. ఎక్స్‌ఆర్ అనే పద్ధతి తెలిస్తే చెప్పొచ్చు, లేదంటే పెద్ద డేటా టైప్ తీసుకుంటానని చెప్పొచ్చు. "ఇద్దరు రాకపోతే?" అంటారు. అప్పుడు కూడిక ఆ ఇద్దరి నంబర్ల మొత్తమే చెప్తుంది, విడివిడిగా చెప్పదు. వర్గాలు కూడా కూడితే (వంద దాకా వర్గాల మొత్తం 338350) రెండు సమీకరణాలు దొరుకుతాయి. అది తోచకపోతే "సార్, రిజిస్టర్ పద్ధతికి తిరిగి పోతాను, ఎంతమంది రాకపోయినా అది పనిచేస్తుంది" అనండి. మంచి జవాబే అది. ఆ మాట నోటితో చెప్పిన బిడ్డకు, ఫార్ములా రాసి మౌనంగా కూర్చున్న బిడ్డ కంటే ఎక్కువ మార్కులు పడ్డాయని పిల్లలే వచ్చి చెప్పారు.

ఇంకో చిన్న సంగతి. మీరు జవాబు చెప్పినాక వాళ్ళు "ఆర్ యూ ష్యూర్" అంటారు. మన పిల్లలకు అది తిట్టులాగ వినబడుతుంది. వెంటనే "సారీ సార్" అని సరైనదాన్ని కొట్టేస్తారు. అట్లా చేయకండి. "ఒక్కసారి చూసుకుంటాను సార్" అని, ఒక చిన్న ఉదాహరణ తీసుకుని, అయిదు నంబర్లతో, వాళ్ళ ముందే నడిపి చూపండి. సరిగా వస్తే "అవును సార్, సరిగానే ఉంది" అనండి. వాళ్ళు ఏదైనా సూచన ఇస్తే మాత్రం వినండి. సూచన ఇస్తున్నారంటే మీతో కలిసి పని చేసి చూస్తున్నారన్నమాట.

ఇదంతా వింటే వస్తుందా? రాదు. ఈతలాగే ఇది కూడా. బీఈడీలో మాకు మైక్రో టీచింగ్ అని ఒక పద్ధతి ఉండేది. ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, ఆరు నిమిషాలు తోటివాళ్ళు ఏం బాగుంది, ఏం బాగోలేదు చెప్తారు, పన్నెండు నిమిషాలు మళ్ళీ తయారు కావాలి, ఆరు నిమిషాలు అదే పాఠం మళ్ళీ చెప్పాలి, ఆరు నిమిషాలు మళ్ళీ వినాలి. మొత్తం 36 నిమిషాలు. పాఠమంతా కాదు, అందులోని ఒక్క నైపుణ్యం మీదనే గురి. అప్పుడు మేమంతా దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం, ఎదురుగా ఉన్నవాళ్ళు అయిదుగురు కాలేజీ దోస్తులే కదా అని. ఇప్పుడు హాస్టల్‌లో ఇంటర్వ్యూ సాధనకు అదే వాడుతున్నాం. ఒక బిడ్డ కూర్చుంటుంది, ఇద్దరు అడుగుతారు, ఒకరు గడియారం చూస్తారు. ఆ వారం గురి ఒక్కటే: ఆలోచన పైకి వినబడాలి. ఇరవై సెకన్ల కంటే ఎక్కువ మౌనం వస్తే గడియారం పట్టుకున్న బిడ్డ బల్ల మీద తడుతుంది. మొదట్లో టకటకా తట్టుడే. మూడో వారానికి తట్టుడు తగ్గుతుంది.

ఏ భాషలో అంటే, మొదటి రెండు వారాలు గోండిలోనో తెలుగులోనో చెప్పిస్తాం. ఇంగ్లీషు తర్వాత. ఆలోచన ఒక వరుసలో బయటికి రావడం ఒక పని, దాన్ని ఇంగ్లీషులో పెట్టడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేయమంటే బిడ్డ బెదిరిపోతుంది. 1940ల్లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు కూడా మొదటి వాచకాలు గోండిలోనే ఉండేవి. తెలిసిన భాష నుంచి తెలియని భాషకు పోవాలన్నది టీచర్లకు పాత పాఠమే. ఇంటర్వ్యూలో కావాల్సిన ఇంగ్లీషు కూడా తక్కువే. "మొదట ఇది చేస్తాను, తర్వాత అది చూస్తాను, దీనివల్ల ఇంత సమయం పడుతుంది, ఇంకో దారి ఉంది": ఇట్లాంటి ముప్పై నలభై వాక్యాలు నోటికి అలవాటైతే చాలా దూరం పోవచ్చు. వ్యాకరణం తప్పితే ఎవరూ కొట్టరు.

ప్రాజెక్టు గురించి తప్పకుండా అడుగుతారు. అమీర్‌పేట్‌లో నాలుగైదు వేలకు తయారు ప్రాజెక్టు దొరుకుతుంది, సీడీతో, రిపోర్టుతో సహా. దాన్ని పెట్టుకున్నవాళ్ళు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "ఈ టేబుల్ ఎందుకు ఇట్లా పెట్టావు?" అంటే చెప్పలేరు. చిన్నదైనా మీరు చేసిందే పెట్టండి. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి తన అవ్వ దగ్గర కూర్చుని గోండి మాటలు, వాటి తెలుగు అర్థాలు సేకరించి, ఫోన్‌లో వెతుక్కునే చిన్న నిఘంటువు చేసింది. మూడు వందల మాటలే. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని మీదనే గడిచాయట. ఒకే మాటకు ఉట్నూర్ దిక్కు ఒక అర్థం, సిర్పూర్ దిక్కు ఇంకో అర్థం ఉంటే ఎట్లా పెట్టావు? సగం మాట కొడితే వెతకగలదా? నెట్ లేకపోతే? అన్నిటికీ ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే ఆ చిక్కులన్నీ అవ్వతో కూర్చున్నప్పుడే ఎదురైనవి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపికి కీబోర్డులు, ఆటలు, పిల్లల పుస్తకాల యాప్‌లు ఎన్ని చేసినా ఇంకా పని మిగులుతుంది. మీ ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటూ హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

హెచ్‌ఆర్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటారు. మన పిల్లలు చాలామంది ఊరి పేరు మింగేసి "ఆదిలాబాద్" అంటారు. జిల్లా పేరు చెప్పడం తప్పేమీ కాదు గానీ, ఊరి పేరు చెప్తే నవ్వుతారేమో అని దాచేటప్పుడు గొంతు తగ్గిపోతుంది, ఆ తగ్గిన గొంతుతోనే మిగతా ఇంటర్వ్యూ అంతా నడుస్తుంది. ఊరి పేరుతో మొదలుపెట్టండి. మీకు గోండి వచ్చు, తెలుగు వచ్చు, సంతలో మరాఠీ, హిందీ మాట్లాడతారు, ఇంగ్లీషు అయిదో భాష. ఆ అయిదు భాషల సంగతి చెప్పుకోండి.

"టీమ్‌లో పనిచేసిన అనుభవం ఉందా?" అంటే ఒక తమ్ముడు లేదన్నాడు. అదే తమ్ముడు అంతకు ముందు దీపావళికి తమ ఊరి దండారి బృందాన్ని ముప్పై మందితో ఇంకో ఊరికి తీసుకుపోయి, తిండి, పడక, గుమేల, పర్ర వాయించేవాళ్ళ వంతులు, ఇద్దరి మధ్య వచ్చిన తగవు, అన్నీ చూసుకుని తిరిగొచ్చినవాడు. అది టీమ్ పని కాకపోతే ఇంకేది? హాస్టల్ ఫుడ్ కమిటీలో సరుకుల లెక్క రాసింది కూడా పనే. ఏం చిక్కు వచ్చింది, మీరు ఏం చేశారు, చివరికి ఏమైంది: ఈ మూడూ రెండు నిమిషాల్లో చెప్పగలిగేటట్టు సిద్ధం చేసుకోండి.

"పూణె పోతావా, చెన్నై పోతావా, రాత్రి షిఫ్టు చేస్తావా?" అని అడుగుతారు. ఆడపిల్లలు అక్కడ "నాన్నను అడిగి చెప్తా" అంటున్నారు. నాన్నను అడగాల్సిందే, కాకపోతే ఇంటర్వ్యూకు ముందు అడగండి. ఇంట్లో చెప్పడం కష్టమైతే మమ్మల్ని తీసుకుపోండి, వచ్చి కూర్చుని మాట్లాడతాం, ఇంతకు ముందు కూడా మాట్లాడాం. రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ ఇస్తారా, ఉండడానికి హాస్టల్ ఎక్కడ, అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు అనేవి తెలిస్తే తల్లిదండ్రులు చాలావరకు ఒప్పుకుంటారు.

జీతం మాట. కొత్తగా చేరేవాళ్ళకు పెద్ద సర్వీస్ కంపెనీలు చాలావరకు ఏడాదికి 3 నుంచి 4 లక్షల మధ్య చెప్తాయి. దాన్ని పన్నెండుతో భాగించి ఇంట్లో చెప్పకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, బీమా, పనిని బట్టి ఇచ్చే భాగం కూడా కలిపి ఉంటాయి. మీ మూల వేతనంలో 12 శాతం మీ వంతు పీఎఫ్‌గా పోతుంది. చేతికి వచ్చేది తక్కువే ఉంటుంది. బాండ్ ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, ఎవరి దగ్గరా వదిలి రావద్దు.

ఇక బాధపడుతూ చెప్పాల్సిన సంగతి. మనకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు ఉద్యోగం కోసం తండ్రి ఎడ్లజతను అమ్మాడు, పత్తి మీద అప్పు తెచ్చాడు. లక్షా ఎనభై వేలు. బ్యాక్‌డోర్ అని చెప్పారు. ఆఫర్ లెటర్ కూడా వచ్చింది, కంపెనీ గుర్తుతో, సంతకంతో. అబ్బాయి కొత్త చొక్కా వేసుకుని ఆఫీసుకు పోతే గేటు దగ్గర ఆ లెటర్ నకిలీదని చెప్పి పంపించారు. ఫోన్ నంబరు పనిచేయడం లేదు. ఆ వానాకాలం వాళ్ళు చేను అరకకు ఇంకొకరి ఎడ్ల కోసం ఎదురుచూశారు. తండ్రి కొడుకును ఒక్క మాట అనలేదు, అదే ఆ అబ్బాయికి ఎక్కువ బాధ.

ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు అడగదు. రిజిస్ట్రేషన్ అని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని, ట్రైనింగ్ ఫీజు అని ఏ పేరుతో అడిగినా వెనక్కి వచ్చేయండి. మెయిల్ చిరునామా కంపెనీ పేరుతో కాకుండా మామూలు జీమెయిల్‌తో వస్తే అనుమానించండి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ చూడండి. చేయని ఉద్యోగానికి రెండేళ్ళ అనుభవం ఉందని కాగితం తెచ్చిస్తామనేవాళ్ళు కూడా ఉన్నారు. తనిఖీలో పీఎఫ్ రికార్డు చూస్తే అది బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి, 1930 నంబరుకు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నేర్చుకోవడానికి అంత డబ్బు అక్కర్లేదు. ఐఐటీల వాళ్ళు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. రాష్ట్రంలో టాస్క్ అనే సంస్థ కాలేజీల ద్వారా శిక్షణ ఇస్తోంది, మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగండి. చాట్‌జీపీటీని ఇంట్లో ఇంటర్వ్యూ చేసే సారులాగ వాడుకోండి, ప్రశ్న అడగమనండి, మీ జవాబులో లోటు చెప్పమనండి. అసలు ఇంటర్వ్యూలో పక్కన పెట్టుకుని చదవకండి. కళ్ళు పక్కకు పోవడం కెమెరాలో బాగా కనిపిస్తుంది.

రాకపోతే? రాదు, చాలాసార్లు రాదు. మెయిల్ వస్తుంది, కారణం రాయరు. కొన్నిసార్లు మెయిల్ కూడా రాదు. నిఘంటువు చేసిందని చెప్పిన అమ్మాయికి తొమ్మిది చోట్ల రాలేదు, పదోచోట వచ్చింది. మధ్యలో నాలుగోసారి తర్వాత పత్తి ఏరడానికి పోయి, ఫోన్ ఆఫ్ చేసుకుని రెండు నెలలు ఎవరికీ దొరకలేదు. మేము పోయి బతిమాలలేదు. వాళ్ళ చేనుకు పోయి ఒక పూట పత్తి ఏరి వచ్చాం, అంతే. తర్వాత తనే వచ్చింది. అడిగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రే రాసిపెట్టుకోవడం ఆ అమ్మాయి అలవాటు. ఆ తొమ్మిది చోట్ల ప్రశ్నలు ఇప్పుడు మా నోటుబుక్కులో ఉన్నాయి, మీకు పనికొస్తున్నాయి.

ఈ ఏడు దండారి అయిపోయి, కోలాబొడి చేసుకున్నాక వచ్చే మొదటి ఆదివారం నుంచి హాస్టల్‌లో సాధన మొదలుపెడుతున్నాం. పొద్దున పది గంటలకు. హాస్టల్ పిల్లలే కానక్కర్లేదు, గూడెంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు కూడా రావచ్చు. పది మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాన్ తీసుకుని రండి, మొదటి గంట పేర్లు సరిచూస్తాం. ఒక పేజీ బయోడేటా, మీరు సొంతంగా రాసిన ఒక ప్రోగ్రామ్ తేవాలి. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు హైదరాబాద్ నుంచి, పూణె నుంచి ఫోన్‌లో కూర్చుని ప్రశ్నలు అడుగుతామన్నారు. ఇక్కడున్న వాళ్ళలో ఉద్యోగం వచ్చినవాళ్ళు ఉంటే, సభ అయినాక మా దగ్గరికి వచ్చి ఏ ఆదివారం కుదురుతుందో చెప్పి పోండి. ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి, మొదటి నెలంతా కాగితం, పెన్నుతోనే. మధ్యాహ్నం భోజనం హాస్టల్‌లోనే, ఎంతమంది వస్తున్నారో శనివారం సాయంత్రం లోపల చెప్తే బియ్యం లెక్క చూసుకుంటాం.